పేగు తంతుల మీద కొత్త పాట: మీ ప్రశ్నకు నా జవాబు

మీరు అడిగింది ఇదీ: లండన్‌లో మీ అక్కయ్యగారింటికి వెళ్లినప్పుడు ఒక వయోల్ (కాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయించే పాత తంతి వాయిద్యం) బృందం కచేరి విన్నారు. మొదటి సగం ఇంగ్లండ్ స్వరకర్త పర్సెల్ 1680లో రాసినవి, రెండో సగం ఇప్పుడు బతికున్న స్వరకర్త రాసిన కొత్త రచన. "పాత సంగీతాన్ని ఆ కాలపు పద్ధతిలో వినిపించడానికే కదా ఈ పాత వాయిద్యాలు పట్టుకున్నారు? మరి వాటి మీద కొత్త సంగీతం ఏమిటి? ఇందులో నిజాయితీ ఉందా, టికెట్లు అమ్ముకునే వేషమా? వినడం మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నారు. చివర్లో మీ అమ్మాయి కర్ణాటక వయొలిన్‌కి పేగు తంతులు వేయించవచ్చా అని కూడా అడిగారు. దానికి ఆఖర్లో వస్తాను.

వేషం కొంత ఉందండీ, లేదనను. కానీ అంతా వేషం కాదు. రెండింటికీ తేడా పట్టుకోవడానికి నేను వాడే కొలబద్ద ఒకటుంది: వాయిద్యం మారిస్తే ఆ రచనలో ఏం పోతుంది? ఏమీ పోకపోతే అది వేషం. ఏదో ఒకటి పోతే, ఆ పోయేదే అసలు సంగతి.

నా గురించి రెండు మాటలు. మాది విజయనగరం. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇరవై రెండేళ్ల కిందట నెదర్లాండ్స్ వచ్చాను. ఒక సాయంత్రం పక్కింటాయన చర్చిలో కచేరి ఉందని తీసుకెళ్లాడు. అక్కడి వయొలిన్ వాళ్లు గడ్డం కింద బిగించి పట్టుకోకుండా వాయిద్యాన్ని భుజం మీద ఊరికే ఆనించి వాయిస్తున్నారు. కమాను వంపు తిరగేసినట్టుంది. ధ్వని చిన్నదే, కానీ ప్రతి స్వరం మాట్లాడుతున్నట్టు వినిపించింది. మరుసటి ఏడే బరోక్ వయొలిన్, అంటే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల పద్ధతి వయొలిన్, నేర్చుకోవడం మొదలుపెట్టాను, తర్వాత వయోలా ద గాంబా, అంటే మీరు విన్న వయోలే. ఇప్పుడు ఏడుగురం ఒక బృందంగా వాయిస్తాం, అందరం పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. హార్ప్సికార్డ్ (పియానోలా ఉండి, తీగల్ని ముల్లుతో మీటే పాత కీబోర్డు వాయిద్యం) శ్రుతి చేసే పని కూడా నాదే, ఎందుకంటే మిగతా ఆరుగురూ తెలివిగా తప్పించుకున్నారు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆ వేదిక మీద మీరు చూసిన వాయిద్యాల్లో చాలావరకు పాతవి కావు. ఈ యాభై, అరవై ఏళ్లలో చేసిన నకళ్లు. హార్ప్సికార్డ్ అయితే ఏ ఆంట్‌వెర్ప్ రూకర్స్ కుటుంబం నమూనానో, పారిస్ తాస్కాన్ నమూనానో చూసి ఇవాళ్టి వడ్రంగి చేసింది. లోపల తీగను మీటే ముల్లు అప్పట్లో కాకి ఈక కాడ, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. జర్మన్ స్వరకర్త బాఖ్ ట్రంపెట్ భాగాలు వాయించే చాలామంది 'బరోక్ ట్రంపెట్' మీద చిన్న చిన్న రంధ్రాలుంటాయి, స్వరం తప్పకుండా ఉండటానికి. బాఖ్ కాలంలో ఆ రంధ్రాలు లేవు. శ్రుతి సంగతీ అంతే. ఇప్పుడు దాదాపు బరోక్ బృందాలన్నీ A అనే స్వరాన్ని సెకనుకి 415 కంపనాల దగ్గర కలుపుకుంటాయి, అంటే మామూలు 440 కన్నా మన లెక్కలో అర శ్రుతి కింద. పాత రోజుల్లో ఊరికో శ్రుతి ఉండేది. ఫ్రెంచి ఆపెరాలో 392కి దగ్గరగా, వెనిస్‌లో 466 దాకా. 415 అనేది మనవాళ్లు ఈ కాలంలో కుదుర్చుకున్న రాజీ. అంటే 'పాత వాయిద్యం' అన్నదే సగం కొత్త వస్తువు. దాని మీద కొత్త సంగీతం వాయిస్తే అపచారం ఎక్కడుంది?

అసలైన పాత వయొలిన్లకు జరిగింది ఇంకా విచిత్రం. పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో హాళ్లు పెద్దవయ్యాయి, గట్టి ధ్వని కావాల్సి వచ్చింది. ఇటలీలో పేరుమోసిన తయారీదారు స్ట్రాడివారి చేసిన వయొలిన్లను కూడా విప్పి మెడ పొడుగు చేసి వెనక్కి వంచారు, లోపలి దూలాన్ని బలమైనది వేశారు, వేళ్లు నొక్కే పలకను పొడిగించారు. ఇవాళ మీరు ఏ పెద్ద కళాకారుడి చేతిలో 'స్ట్రాడ్' చూసినా అది దాదాపుగా అలా ఆపరేషన్ అయినదే. తంతులు మాత్రం అప్పుడు మారలేదు. మొదటి తంతిగా ఉక్కు తీగ మామూలైంది మొదటి ప్రపంచ యుద్ధం కాలం నుంచే. అంతకుముందు అందరూ వాయించింది గొర్రె పేగు తంతుల మీదే. మనకు దీనితో సంబంధం లేదనుకోకండి. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర యూరోపియన్ వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చినప్పుడు ఆయన చేతిలో ఉన్నదీ పేగు తంతుల వాయిద్యమే, ఉక్కు తీగలది కాదు.

పేగు తంతి ఎలా ఉంటుందో చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేను. కొత్త తంతి లేత పసుపు రంగులో, వేలికి కాస్త గరుగ్గా ఉంటుంది. బిరడకి చుట్టాక రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది. ఉదయం కలిపితే మధ్యాహ్నానికి దిగిపోతుంది. కొన్నాళ్లు వాయించాక వేళ్లు పడే చోట సన్నగా పీచు లేస్తుంది. ఆ పీచుని లాగకూడదు, గోళ్లు తీసుకునే కటర్‌తో మొదట్లో కత్తిరించి, పైన చుక్క బాదం నూనె రాస్తాం. నా వయొలిన్ పెట్టెలో రోజిన్ పక్కనే గోళ్ల కటర్ ఉంటుంది. ఎయిర్‌పోర్టులో దాని గురించి రెండుసార్లు వాదించాల్సి వచ్చింది. ఒక వర్షాకాలం దీన్ని విజయనగరం పట్టుకొచ్చాను, మా గురువుగారికి చూపిద్దామని. ఆ ఉక్కకి, చేతి చెమటకి మూడు రోజుల్లో రెండు మొదటి తంతులు తెగాయి. గురువుగారు తెగిన ముక్క చేతిలోకి తీసుకుని, "ఇంత నాజూకు దాన్ని పెట్టుకుని తానవర్ణం ఎలా వాయిస్తావురా?" అన్నారు.

నాజూకే, నిజం. కానీ ఆ తంతి మీద కమాను వేయగానే ధ్వని ఒక్కసారిగా రాదు. ముందు చిన్న హల్లు, తర్వాత అచ్చు. 'క' అన్నట్టో 'త' అన్నట్టో మొదలై స్వరం విచ్చుకుంటుంది, వెంటనే తగ్గడం మొదలవుతుంది. ఉక్కు తీగ మీద ధ్వని గొట్టంలో నీళ్లలా ఒకే ధారగా సాగుతుంది. పేగు మీద ప్రతి స్వరానికీ పుట్టుక, చావు ఉంటాయి. బరోక్ సంగీతం ఆ చావుని లెక్కలోకి తీసుకుని రాసింది. ఇవాళ్టి మంచి స్వరకర్తకి కావాల్సిందీ అదే. ఆధునిక ఆర్కెస్ట్రా నుంచి ఈ రకం ధ్వని ఆయనకి దొరకదు, వంద మందిని కూర్చోబెట్టినా సరే.

ఇక చరిత్ర. చాలామంది దీన్ని తిరగేసి చెబుతారు: ముందు పాతదాన్ని బతికించుకున్నారు, ఆ మోజు తగ్గాక కొత్తవి రాయించుకోవడం మొదలుపెట్టారు అని. జరిగింది అలా కాదు. ఇంగ్లండ్‌లో ఆర్నల్డ్ డోల్మెచ్ అనే ఆయన వయోల్‌లు, ల్యూట్‌లు (వేళ్లతో మీటే పాత తంతి వాయిద్యాలు), హార్ప్సికార్డ్‌లు తిరిగి చేయడం మొదలుపెట్టాడు. 1919లో ఆయన చిన్నకొడుకు లండన్ వాటర్లూ స్టేషన్లో సంచీ మరిచిపోయాడు. అందులో పద్దెనిమిదో శతాబ్దపు రికార్డర్ ఉంది, అంటే నిలువుగా పట్టుకుని ఊదే చెక్క పిల్లనగ్రోవి. అది పోయిన బాధలో ఆయన సొంతంగా రికార్డర్ చేయడం మొదలుపెట్టాడు. తర్వాత ఇంగ్లండ్ బడి పిల్లలందరి చేతుల్లోకి రికార్డర్ చేరడం వెనక ఈ పోయిన సంచీ కథ ఉంది.

స్విట్జర్లాండ్‌లోని బాజెల్ ఊరి సంగతి ఇంకా ముఖ్యం. పాల్ జాఖర్ 1926లో బాజెల్ ఛాంబర్ ఆర్కెస్ట్రా పెట్టాడు. వాళ్లు వాయించేవి రెండే రకాలు, పాతవి, కొత్తవి. మధ్యలో ఉన్న పంతొమ్మిదో శతాబ్దం మీద వాళ్లకి పెద్దగా ఆసక్తి లేదు. అదే జాఖర్ 1933లో పాత సంగీతం నేర్పడానికి స్కోలా కాంటోరుమ్ బాజిలియెన్సిస్ పెట్టాడు. ఇప్పటికీ ఈ రంగంలో చదువుకోవాలనుకునేవాళ్లకి అది కాశీ లాంటిది. మూడేళ్ల తర్వాత అదే జాఖర్ హంగేరీ స్వరకర్త బార్టోక్ చేత తీగ వాయిద్యాలు, తాళ వాయిద్యాలు, సెలెస్టా (గంటల్లా మోగే చిన్న కీబోర్డు వాయిద్యం)ల కోసం ఇరవయ్యో శతాబ్దపు గొప్ప రచనల్లో ఒకటి రాయించుకున్నాడు. పాత సంగీతపు మోజూ కొత్త సంగీతపు మోజూ ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లా పెరిగాయి. ఇద్దరికీ పడనిది ఒకటే, రొమాంటిక్ కాలపు, అంటే పంతొమ్మిదో శతాబ్దపు, ఆ బరువైన, ఎప్పుడూ వణుకుతూ ఉండే ధ్వని.

అమెరికన్ విమర్శకుడు రిచర్డ్ టారుస్కిన్ ఈ మాటే వెక్కిరింపుగా అన్నాడు: మీరు 'అసలు సిసలు' అని చెప్పుకుంటున్న పద్ధతి పదిహేడో శతాబ్దానిది కాదు, ఇరవయ్యో శతాబ్దపు అభిరుచే పాత బట్టలు కట్టుకుంది అని. ఆయనా వయోలా ద గాంబా వాయించినవాడే, బయటి నుంచి రాళ్లు వేసినవాడు కాదు. అప్పట్లో బృందాలవాళ్లకి బాగా కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ మాట విన్నాక హాయిగా అనిపించింది. అసలు సిసలు అనే భారం దిగిపోయింది కదా!

మనకి ఇలాంటిదే ఒకటి ఇంట్లోనే ఉంది. తిరుమల గుడిలో దొరికిన తాళ్లపాక వారి రాగిరేకుల మీద కీర్తన ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇవాళ మనం వినే అన్నమయ్య బాణీలు దాదాపు అన్నీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి దగ్గర నుంచి ఈ కాలపు విద్వాంసులు కట్టినవే. అవి పాతవా కొత్తవా అని కచేరిలో ఎవరూ అడగరు. పర్సెల్ విషయంలో స్వరం కాగితం మీద ఉంది కాబట్టి అంతా తెలుసనుకుంటాం. కానీ ఎక్కడ గమకం వేయాలి, ఎంత వేగం, బాస్ లైను కింద వేసిన అంకెల్ని చూసి హార్ప్సికార్డ్ మనిషి అప్పటికప్పుడు ఏం కల్పించాలి, ఇవేవీ కాగితం మీద లేవు.

వియన్నాలో నికొలాస్ హార్నన్‌కోర్ట్, భార్య ఆలిస్, స్నేహితులు 1953లో కాన్‌సెంటుస్ మూసికుస్ అనే పాత వాయిద్యాల బృందం మొదలుపెట్టారు. ఆయన పగలు వియన్నా సింఫనీలో చెల్లో వాయించే ఉద్యోగి. నాలుగేళ్లు ఇంట్లోనే సాధన చేసి 1957లో గానీ జనం ముందుకి రాలేదు. 1970లు, 80లలో లండన్‌లో, కొలోన్‌లో, పారిస్‌లో బృందాలు పుట్టుకొచ్చాయి. అదంతా మీకు ఎక్కడైనా దొరుకుతుంది, వదిలేస్తాను.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది హార్ప్సికార్డ్ కథ. వాండా లాండోవ్‌స్కా అనే పోలిష్ విదుషి కోసం పారిస్‌లోని ప్లేయెల్ కంపెనీ 1912 నాటికి ఒక పెద్ద కచేరి హార్ప్సికార్డ్ తయారు చేసింది. పియానో లాంటి గట్టి చట్రం, ధ్వని మార్చడానికి కాళ్ల కింద పెడళ్లు, బరువైన కింది స్థాయి తీగల వరస. బాఖ్ చూస్తే ఇదేమిటని అడిగేవాడు. స్పెయిన్ స్వరకర్త ఫాయా తన హార్ప్సికార్డ్ కాన్‌సెర్టో, ఫ్రెంచ్ స్వరకర్త పూలెంక్ తన 'కాన్‌సెర్ షాంపెత్ర్' రాసింది ఈ ప్లేయెల్ కోసం, ఈమె వేళ్ల కోసం. తర్వాత తరం వచ్చి ప్లేయెల్ నకిలీ సరుకు అని పక్కన పడేసింది, పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల నమూనాలు చేసుకుంది. ఇప్పుడు చూడండి చిక్కు. పూలెంక్ రచనని ఆ 'అసలైన' నకలు మీద వాయిస్తే ఆర్కెస్ట్రా కింద నలిగిపోతుంది. పూలెంక్‌కి 'ఆ కాలపు వాయిద్యం' ఏదంటే అందరూ నవ్విన ఆ ప్లేయెలే! ఒకసారి ఒక మ్యూజియంలో అలాంటి పాత ప్లేయెల్ వాయించి చూడనిచ్చారు. మీటలు బరువు, శబ్దంలో ఇనుము. అయినా పూలెంక్ మొదటి పేజీ వాయించగానే 1928 పారిస్ గదిలోకి వచ్చింది. ఫ్రాంస్వా గ్జావియే రోత్ 2003లో పెట్టిన లే సియెక్ల్ బృందం ఇదే దారిన ఇంకా ముందుకెళ్లింది. ఏ రచన వాయిస్తే ఆ కాలపు వాయిద్యాలు, స్ట్రవిన్‌స్కీ 1913 బాలేకి ఆ రోజుల ఫ్రెంచ్ వాయిద్యాలు. కాబట్టి 'పీరియడ్' అంటే పాతది అని కాదు, ఆ రచన ఏ చేతుల్ని, ఏ చెక్కని దృష్టిలో పెట్టుకుని పుట్టిందో అది.

అలా చూస్తే వయోల్‌ల కోసం ఇవాళ రాసిన రచనకి వయోలే దాని కాలపు వాయిద్యం.

లండన్ ఫ్రెట్‌వర్క్ అనే వయోల్ బృందం 1980ల మధ్య నుంచీ ఈ పని మిగతా అందరికన్నా ఎక్కువ చేసింది. వాళ్ల కోసం జార్జ్ బెంజమిన్ 1990లో 'అపాన్ సైలెన్స్' రాశాడు, ఒక గాయని, అయిదు వయోల్‌లు. ఐరిష్ కవి యేట్స్ కవితకి చేసిన సంగీతం అది. నీటి మీద పొడుగు కాళ్ల పురుగు ఆనీ ఆననట్టు కదిలినట్టు ఒక సేనాని, ఒక సుందరి, ఒక చిత్రకారుడి మనసులు నిశ్శబ్దం మీద కదులుతాయని అందులో పోలిక. ఇప్పుడు వయోల్ ఎలా వాయిస్తారో గుర్తు చేసుకోండి. కాళ్ల మధ్య నిలబెట్టి, అరచేయి పైకి ఉండేలా కమాను కింద నుంచి పడతారు. వయొలిన్ పద్ధతిలో చేతి బరువు దానంతట అది తంతి మీద పడుతుంది. ఇక్కడ పడదు, వేళ్లతో తెచ్చుకోవాలి. మెడ చుట్టూ పేగు తంతినే ముడేసి కట్టిన ఏడు మెట్లుంటాయి కాబట్టి నొక్కిన స్వరం కూడా వదిలిన తంతిలా మోగుతుంది. ఆనీ ఆననట్టు కదలడం ఈ వాయిద్యానికి పుట్టుకతో వచ్చిన గుణం. బెంజమిన్ మరుసటి ఏడు ఇదే రచనకి ఆధునిక వాయిద్యాల రూపం కూడా చేశాడు, వయోలాలు (వయోల్‌లు కావు, వయొలిన్ కన్నా కాస్త పెద్దవి), చెల్లోలు, డబుల్ బాస్‌లతో. రెండూ విని చూడండి. రెండోది అందంగానే ఉంటుంది, కొన్ని చోట్ల మరింత నిండుగా కూడా. కానీ పురుగు కాళ్లు నీళ్లలో కాస్త మునిగినట్టుంటాయి నా చెవికి. నేను చెప్పిన కొలబద్ద ఇదే.

ఇంకొక ఉదాహరణ సోవియట్ రోజుల నాటి టాలిన్‌ది. ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పెర్ట్ 1968 తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు చాలా తక్కువ రాశాడు. చర్చి స్తోత్రాలు, మధ్యయుగపు బహుగళ సంగీతం నేర్చుకుంటూ గడిపాడు. 1976లో గంటల మోతని గుర్తు చేసే తన కొత్త పద్ధతితో బయటికి వచ్చినప్పుడు దాన్ని వాయించిన వాళ్లెవరు? సింఫనీ వాళ్లు కాదు. ఆంద్రెస్ ముస్తొనెన్ 1972లో పెట్టిన హోర్టుస్ మూసికుస్, పాత సంగీత బృందం. 1977లో వాళ్ల కోసమే 'ఫ్రాట్రెస్' రాశాడు, ఏ వాయిద్యమో చెప్పకుండా. దానికి తర్వాత బోలెడు రూపాలు వచ్చాయి, వయొలిన్ పియానోకి, చెల్లోలకి, ఇంకా చాలా వాటికి. నా కొలబద్దతో కొలిస్తే ఇది తేలిపోతుంది కదా, వాయిద్యం మారినా బతికింది కదా అంటారు. నిజమే. కానీ వణుకు లేకుండా స్వరాన్ని తిన్నగా నిలబెట్టగల చేతులు ఆ ఊళ్లో అప్పటికి ఆ బృందంలోనే ఉన్నాయి. రచన తర్వాత ఎక్కడికైనా పోవచ్చు, పుట్టింది మాత్రం అక్కడ. మీకు ఇంకో కారణం చేత కూడా ఇది నచ్చుతుంది: మొదటి నుంచి చివరి దాకా కింద సా-పా లాంటి జంట స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఎవరో తంబూర వదిలేసి వెళ్లినట్టు.

శ్రుతి మాట వచ్చింది కాబట్టి హార్ప్సికార్డ్ శ్రుతి గురించి చెప్పేస్తాను, వారం వారం నన్ను ఏడిపించే పని కదా. కీబోర్డు మీద అన్ని మెట్లూ సమానంగా పంచితే గాంధారం సహజ స్థానం కన్నా పైకి కూర్చుంటుంది. తంబూర బాగా కలిసినప్పుడు దానంతట అదే పలికే గాంధారం విన్న చెవికి కీబోర్డు గాంధారం ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. పదహారో శతాబ్దం వాళ్లకీ గుచ్చుకుంది. వాళ్లు మీన్‌టోన్ అనే పద్ధతిలో గాంధారాల్ని శుద్ధంగా పెట్టి, ఆ తప్పు మొత్తాన్ని తీసుకెళ్లి ఒక పంచమం మీద పడేశారు. ఆ పంచమాన్ని తోడేలు అంటారు, ఊళ పెడుతుంది కాబట్టి. నేను శ్రుతి చేసేటప్పుడు ఎనిమిది గాంధారాలు కలిపి, చివరికి తోడేలు దగ్గరికి వచ్చి ఒకసారి నొక్కి చూస్తాను. అది అరిస్తే మిగతావి సరిగ్గా ఉన్నట్టు. హంగేరీ స్వరకర్త లిగెటి 1978లో 'పాసకాల్యా ఉంగరేజే' రాసినప్పుడు ఈ మీన్‌టోన్‌లో కలిపిన హార్ప్సికార్డ్ కోసమే రాశాడు. మామూలు కీబోర్డు మీద వాయిస్తే స్వరాలన్నీ ఉంటాయి, రుచి ఉండదు. కొత్త రచనకి పాత శ్రుతి తప్పనిసరి అన్నదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నా దగ్గర లేదు.

వేషం కూడా ఉందన్నాను కదా. మా బృందానికి ఒకసారి ఒక యువ స్వరకర్త చేత రచన చేయించారు. కాగితాలు వచ్చాయి. మొదటి వయొలిన్ భాగం మూడో పేజీలో ఒక స్వరం ఎంత పైన ఉందంటే, మా వయొలిన్ మీద వేళ్లు నొక్కే పలక అక్కడి దాకా లేనే లేదు! బరోక్ పలక పొట్టిది. మా బృందంలో మొదటి వయొలిన్ వాయించే అమ్మాయి గాల్లో వేలు పెట్టి చూపించింది. ఫోన్ చేసి అడిగితే ఆయన ఎప్పుడూ బరోక్ వయొలిన్ చేత్తో పట్టుకోలేదని తేలింది. మామూలు వయొలిన్‌కి రాసి పైన పేరు మార్చి పంపాడు. పైగా ఆ కచేరి డిసెంబర్లో, కింద నేలలోంచి వేడి వచ్చే చర్చిలో. పావుగంటకి హార్ప్సికార్డ్ పై స్థాయి తప్పింది, అరగంటకి నెమ్మదైన భాగం మధ్యలో టప్‌మని తంతి తెగింది. జనం అది రచనలో భాగమే అనుకున్నారు. కచేరి అయ్యాక ఒక పెద్దాయన ఆ టప్ చాలా బాగుందని మెచ్చుకున్నాడు కూడా. ఇలాంటివి మీకు ఎదురైతే వేషం అనండి, నేను కూడా అంటాను.

మరో సంగతి నాకు తోచింది. కొత్తవి కూడా వాయించే బృందాలు పాతవాటిని బాగా వాయిస్తాయి. స్వరకర్త ఎదురుగా కూర్చుని "ఇక్కడ ఇంకొంచెం ఆగండి" అంటే ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు. పర్సెల్ కాగితం మీద కూడా సిరా ఒకప్పుడు తడిగానే ఉండేది కదా.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. పర్సెల్ 'ఒకే స్వరం మీద ఫాంటసీ'తో మొదలుపెట్టండి. అయిదుగురిలో ఒకరు మొదటి నుంచి చివరి దాకా ఒకే స్వరం పట్టుకుని కూర్చుంటారు, మిగతా నలుగురూ దాని చుట్టూ తిరుగుతారు. శ్రుతి పెట్టెతో పెరిగిన చెవికి ఇది వెంటనే ఎక్కుతుంది. తర్వాత 'ఫ్రాట్రెస్', పాత బృందాల రూపం దొరికితే అదే ముందు. తర్వాత 'అపాన్ సైలెన్స్' రెండు రూపాలూ ఒకే సాయంత్రం. లిగెటిని రాత్రి పూట హెడ్‌ఫోన్స్‌లో వినండి.

ఇంకొకటి, సరదా కోసం. 1977లో వాయేజర్ నౌకల్లో అంతరిక్షంలోకి పంపిన బంగారు పూత రికార్డులో మన కేసర్‌బాయీ కేర్కర్ భైరవి ఉందని మీకు తెలిసే ఉంటుంది. అదే రికార్డులో 1599లో అచ్చయిన హోల్‌బోర్న్ చిన్న నృత్య సంగీతం ఒకటి ఉంది, వాయించింది డేవిడ్ మన్రో, ఆయన ఎర్లీ మ్యూజిక్ కన్సార్ట్ ఆఫ్ లండన్. నౌకలు బయల్దేరేనాటికి మన్రో లేడు, 1976లోనే పోయాడు. 2019లో క్యాలిఫోర్నియాలోని ఫిల్‌హార్మోనియా బరోక్ ఆర్కెస్ట్రా, అంటే పాత వాయిద్యాల బృందమే, కారొలైన్ షా చేత 'ద లిజనర్స్' అనే పెద్ద గానరూపకం రాయించింది. అది ఆ బంగారు రికార్డు మీద రాసినది. దాన్ని కూడా జాబితాలో వేసుకోండి.

ఇక మీ అమ్మాయి వయొలిన్. వేయవచ్చు, కానీ నాలుగూ ఒకేసారి వద్దు. పేగు తంతి ఉక్కు దానికన్నా లావు, గుర్రం మీదా తల దగ్గరా ఉన్న గాళ్లలో ఇరుక్కుంటుంది, ఇరుక్కున్న చోటే తెగుతుంది. వయొలిన్ బాగుచేసేవాళ్ల చేత ఆ గాళ్లు కాస్త వెడల్పు చేయించాలి, ఆ తర్వాత మళ్లీ ఉక్కు వేస్తే కొంచెం వదులుగా కూర్చుంటుందని తెలుసుకుని చేయించండి. తోక దగ్గర సన్నగా శ్రుతి దిద్దే మరలు పేగుకి పనికిరావు, బిరడలే తిప్పాలి, కాబట్టి బిరడలు జారకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. ముందు మంద్ర స్థాయి రెండు తంతులకి, లోపల పేగు పైన లోహం చుట్టినవి వేయించి చూడండి. గమకాలకి వేలు జారుతుంది కదా, ఉత్తి పేగు మీద అంతంత జారుళ్లకి పీచు తొందరగా లేస్తుంది. మొదటి తంతి జోలికి వర్షాకాలం వెళ్లాక వెళ్లండి. గురువుగారికి ముందే చెప్పండి, లేకపోతే పాఠం సగం శ్రుతి కలపడానికే పోతోందని ఆయన కోప్పడతారు. మొదటి వారం రోజుకి పది సార్లయినా కలుపుకోవాల్సి వస్తుంది.